సెమీ డిటాచ్డ్ ఇంటిని పెంచి విలువ పెంచుకోవడం ఎలా? ఇంగ్లండ్‌లో ఇల్లున్నవారికి సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండ్‌లో మూడు పడకగదుల సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు) కొనుక్కున్న తెలుగు కుటుంబాలు నాలుగైదేళ్లు తిరిగేసరికి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. పెద్ద ఇంటికి మారాలా, ఉన్న ఇంటినే పెంచుకోవాలా? పెంచితే పెట్టిన డబ్బు ఇంటి ధరలో తిరిగి కనబడుతుందా? వెనుక గది వేయాలా, పైన లాఫ్ట్ (కప్పు కింది ఖాళీలో గది) కట్టాలా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ పని ముందు, ఏ పని తరువాత అన్న క్రమంలోనే ఉన్నందున, ఇక్కడ ఆ క్రమాన్నే వివరంగా ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పిన నిబంధనలు ఇంగ్లండ్‌కు చెందినవి. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో కొలతలు, దరఖాస్తు పద్ధతులు వేరు. ఇంకొక మాట ముందే చెప్పాలి: సెమీ ఇంట్లో నడుమ గోడ ఇద్దరిది, కప్పు కలిసే ఉంటుంది, చాలాచోట్ల మురుగు గొట్టం కూడా ఉమ్మడిదే. అందువల్ల విడిగా ఉండే ఇంటి యజమాని పట్టించుకోనవసరం లేని సంగతులు కొన్ని మీకు అతి ముఖ్యమవుతాయి.

1. ముందుగా మీ వీధి ధరను లెక్కగట్టండి

ప్రతి వీధికీ ఒక గరిష్ఠ ధర ఉంటుంది. ఎంత పెంచినా, ఎంత ఖరీదైన వంటగది పెట్టినా కొనేవారు ఆ ధరను దాటి ఇవ్వరు. దానిని ఎస్టేట్ ఏజెంటు నోటిమాటగా తీసుకోకుండా మీరే లెక్కవేసుకోవచ్చు.

ఆస్తుల యాజమాన్యాన్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం. ల్యాండ్ రిజిస్ట్రీ, ఇళ్లు నిజంగా అమ్ముడుపోయిన ధరలను ఉచితంగా చూపిస్తుంది. ప్రభుత్వ ఈపీసీ (ఇంటి ఇంధన సామర్థ్య పత్రం) రిజిస్టరులో ఆ పత్రం ఉన్న ఇంటి మొత్తం వైశాల్యం చదరపు మీటర్లలో ఉంటుంది. ఈ రెండింటినీ ఇంటి నంబరు చొప్పున జతచేసి, మీ వీధిలోనూ పక్క రెండు వీధుల్లోనూ గత ఏడాదిన్నరలో అమ్ముడైన సెమీలను రెండు వరుసలుగా రాసుకోండి: పెంచనివి ఒక వరుస, పెంచినవి ఇంకొక వరుస.

ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. పెంచని 78 చదరపు మీటర్ల ఇల్లు 3,90,000 పౌండ్లకు అమ్ముడైతే చదరపు మీటరుకు 5,000 పడింది. పెంచిన 110 చదరపు మీటర్ల ఇల్లు 4,95,000కు పోతే చదరపు మీటరుకు 4,500 మాత్రమే. అంటే అదనంగా చేర్చిన 32 చదరపు మీటర్లు తెచ్చిన విలువ 1,05,000 పౌండ్లు, చదరపు మీటరుకు సుమారు 3,280. చాలామంది పాత ఇంటి రేటు 5,000తో హెచ్చవేసి లాభమనుకుంటారు. లెక్క తప్పేది అక్కడే. కొత్తగా చేర్చిన ప్రతి మీటరుకూ పాత మీటరు ధర రాదు.

ఇప్పుడు ఖర్చు వైపు డ్రాయింగులు, స్ట్రక్చరల్ ఇంజనీరు, పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) సర్వేయరు, కౌన్సిల్ రుసుములు, 20 శాతం వ్యాట్, వంటగది సామాను, నేల, రంగులు, ఊహించని వాటికి 10 నుంచి 15 శాతం, అన్నీ కలిపి చూడండి. ఆ మొత్తం వచ్చే విలువకంటే ఎక్కువైతే అది పెట్టుబడి కాదు, సౌకర్యం కోసం చేసే ఖర్చు. పిల్లల బడి మారకూడదనో, తల్లిదండ్రులు వచ్చి ఉండాలనో ఆ ఖర్చు పెట్టడంలో తప్పేమీ లేదు. అయితే ఆ సంగతి తెలిసి పెట్టాలి.

2. గీతలు గీయించేముందు కాగితాలు తీసి చూడండి

ఆర్కిటెక్టుకు డబ్బు కట్టిన తరువాత బయటపడే అడ్డంకులు చాలావరకు ముందే కాగితాల్లో ఉంటాయి. ఒక వారాంతం కూర్చుంటే ఈ కింది వాటన్నిటినీ సరిచూసుకోవచ్చు.

☐ టైటిల్ రిజిస్టరు, టైటిల్ ప్లాను: ల్యాండ్ రిజిస్ట్రీలో ఒక్కొక్కటి 7 పౌండ్లు. పాత బిల్డరు పెట్టిన షరతులు ఏవైనా ఉన్నాయేమో, ఇల్లు ఫ్రీహోల్డా (స్థలంతో సహా సొంతం), లీజ్‌హోల్డా (నిర్ణీత కాలానికే హక్కు) అన్నది ఇందులో తెలుస్తుంది.

☐ ఇంటి ప్లానింగ్ చరిత్ర: కౌన్సిల్ వెబ్‌సైటులో మీ చిరునామా వెతకండి. కొత్త ఎస్టేట్లలో పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కులను (పూర్తి ప్లానింగ్ దరఖాస్తు లేకుండా కట్టుకునే హక్కులను) కౌన్సిల్ అనుమతి పత్రంలోనే తీసివేసి ఉండవచ్చు. గ్యారేజీని గదిగా మార్చరాదన్న షరతు కూడా అక్కడే ఉంటుంది.

☐ కన్జర్వేషన్ ఏరియా (పాత రూపాన్ని కాపాడే ప్రాంతం), ఆర్టికల్ 4 ఆదేశం (పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కులను తీసివేసేది), చెట్ల రక్షణ ఉత్తర్వు: వీటిలో ఏదైనా మీ ఇంటికి వర్తిస్తుందేమో చూడండి.

☐ పాత యజమానులు కట్టినవి: కన్జర్వేటరీ (అద్దాల గది), వెనుక గది, లాఫ్ట్. మీకు మిగిలే కొలతల్లోంచి ఇవన్నీ తీసివేయాలి.

☐ మురుగు గొట్టాల పటం: దీని గురించి 6వ భాగంలో వివరంగా చెబుతాను.

☐ మార్ట్‌గేజ్ షరతులు, ఇంటి బీమా: రెండు సంస్థలకూ పని మొదలుకాకముందే తెలియజేయాలి.

3. ఏ భాగాన్ని పెంచాలో తేల్చుకోండి

*3.1 వెనుక వైపు ఒక అంతస్తు*

సెమీ ఇంటికి పూర్తి ప్లానింగ్ దరఖాస్తు లేకుండా, అసలు వెనుక గోడ నుంచి 3 మీటర్ల వరకు ఒక అంతస్తు గది వేయవచ్చు. ఎత్తు 4 మీటర్లు దాటరాదు. సరిహద్దుకు 2 మీటర్ల లోపు ఉన్న భాగంలో చూరు ఎత్తు 3 మీటర్లు మించరాదు. అసలు ఇల్లు తప్ప తోటలో కట్టినవన్నీ కలిపి, ఇంటి చుట్టూ ఉన్న స్థలంలో సగానికి మించకూడదు. ఇక్కడ అసలు ఇల్లు అంటే మొదట కట్టినప్పటి ఇల్లు. 1948 జూలై 1కి ముందే కట్టినదైతే, ఆ రోజున ఎలా ఉన్నదో అదే లెక్క.

3 మీటర్లు బయటి కొలత. ఇన్సులేషన్‌తో కలిపి కొత్త గోడ మందం దాదాపు 35 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి లోపల దక్కేది 2.65 మీటర్లే. భోజనాల బల్ల, కుర్చీలు, వెనుక నడిచే దారి నేలపై టేపుతో గుర్తుపెట్టి చూసుకున్నాకే లోతు నిర్ణయించండి.

అది చాలకపోతే 6 మీటర్ల వరకు ప్రయర్ అప్రూవల్ (ముందస్తు ఆమోదం) పద్ధతిలో వెళ్లవచ్చు. కౌన్సిల్ పక్కింటివారికి కబురు చేస్తుంది. వారు అభ్యంతరం చెబితే వారి వెలుతురు, సౌకర్యంపై ప్రభావాన్ని అంచనా వేస్తుంది. 42 రోజుల్లో నిర్ణయం రావాలి. పని మొదలుపెట్టాక ఈ పద్ధతిలో దరఖాస్తు చేయడం కుదరదు. కన్జర్వేషన్ ఏరియాలో ఈ వెసులుబాటే లేదు.

నా అభిప్రాయంలో 6 మీటర్లు చాలా ఇళ్లకు ఎక్కువే. అంత లోతు వెళితే ఇంటి నడుమ గది కిటికీ లేని చీకటి గదిగా మిగులుతుంది, తోట కుంచించుకుపోతుంది. చూడటానికి వచ్చినవారు ఆ నడిమి గదిలో లైటు వేయాల్సి రావడం గమనిస్తారు. 4 మీటర్ల లోతు, కప్పులో రెండు రూఫ్‌లైట్లు చాలాసార్లు మంచి ఫలితం ఇస్తాయి.

మన ఇళ్లకు సంబంధించి రెండు సూచనలు. తిరగమోత ఘాటు హాలంతా పాకకుండా ఉండాలంటే, ఒకే పెద్ద గదిగా తెరిచిన వంటగదిలో పొగను బయటికి పంపే గొట్టమున్న హుడ్ తప్పనిసరి. గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలేవి మన వంటకు చాలవు. కుదిరితే యుటిలిటీ గదిలో ఒక చిన్న పొయ్యి, సింకు పెట్టుకోండి. దానికి వేరే వీధి తలుపు, వేరే పడకగది జోడించారంటే మాత్రం కౌన్సిల్ దానిని మరొక నివాసంగా చూసే ప్రమాదం ఉంది. ఇక ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్ల కోసం కింద అంతస్తులో షవరు, టాయిలెట్ ఉన్న చిన్న గది ఏర్పాటు చేస్తే, అది తరువాత కొనేవారికీ పనికివచ్చే మార్పు. వాస్తు ప్రకారం ఆగ్నేయంలో వంటగది కుదిరితే మంచిదే, కానీ దానికోసం డ్రైనేజీని ఇంటికి ఈ చివర నుంచి ఆ చివరకు మళ్లించడం ఎవరూ ధరలో లెక్కగట్టని ఖర్చు.

*3.2 లాఫ్ట్*

1930ల నాటి సెమీలకు పక్క వైపు కూడా కప్పు వాలుగా దిగుతుంది. మెట్లు ఆ పక్క గోడనే ఆనుకుని ఉంటాయి. పాత మెట్ల పైనే కొత్త మెట్లు ఎక్కించాలంటే అక్కడ తల తగలని ఎత్తు ఉండాలి. వాలు అలాగే ఉంటే ఆ ఎత్తు దొరకదు. అందుకే ఆ పక్క వాలును తీసి గోడను నిలువుగా కొప్పు దాకా లేపే హిప్ టు గేబుల్ పని, వెనుక డోర్మర్ (కప్పు వాలులోంచి బయటికి వచ్చే, నిలువు కిటికీ ఉన్న భాగం), రెండూ కలిపి చేస్తారు.

సెమీకి పర్మిటెడ్ డెవలప్‌మెంట్ కింద కప్పుపై చేర్చగల మొత్తం ఘనపరిమాణం 50 ఘనపు మీటర్లు. దీన్ని ఇంట్లోనే ఇలా లెక్కించవచ్చు.

హిప్ టు గేబుల్: ఇంటి లోతు × చూరు నుంచి కొప్పు ఎత్తు × పక్క వాలు అడ్డంగా ఆక్రమించిన పొడవు ÷ 6. లోతు 8, ఎత్తు 3, పొడవు 4 మీటర్లయితే 16 ఘనపు మీటర్లు.

వెనుక డోర్మర్: వెడల్పు × ముందు ముఖం ఎత్తు × లోతు ÷ 2. వెడల్పు 5.5, ఎత్తు 2.7, లోతు 3.6 అయితే దాదాపు 26.7.

మొత్తం 42.7 ఘనపు మీటర్లు. అంటే పరిమితి లోపే ఉంది. పాత యజమాని ఇప్పటికే ఒక చిన్న డోర్మర్ కట్టి ఉంటే అది కూడా ఈ 50లో భాగమే.

తక్కిన షరతులు ఇవి: వీధి వైపు ముందు వాలుకు డోర్మర్ పెట్టరాదు, పాత కొప్పు కంటే ఎత్తు పోరాదు, డోర్మర్‌ను చూరు నుంచి కనీసం 20 సెంటీమీటర్లు లోపలికి జరపాలి, పక్క గోడలో కిటికీ పెడితే అద్దం మసకగా ఉండాలి, గది నేల నుంచి 1.7 మీటర్ల లోపు తెరుచుకోరాదు, బాల్కనీ కుదరదు.

గీయించే ముందు లాఫ్ట్‌లోకి ఎక్కి, జాయిస్టుల (అడుగున ఉండే దూలాల) పైభాగం నుంచి కొప్పు దాకా కొలవండి. 2.2 మీటర్ల కంటే తక్కువ ఉంటే నేల, కప్పు మందాలు పోగా నిలబడే చోటు మిగలదు. కింది గదుల సీలింగు దించాల్సి వస్తుంది, ఖర్చు అమాంతం పెరుగుతుంది. అక్కడ గబ్బిలాల జాడ కనిపిస్తే పని ఆపి సర్వే చేయించండి. అవి చట్టరక్షణ ఉన్న జీవులు.

మెట్లు చిన్న పడకగదిని మింగేసేలా గీస్తే పైన ఒక గది వచ్చి కింద ఒకటి పోతుంది. అలాంటి ప్లానును తిప్పి పంపండి. కొత్త గదితోపాటు పైనే షవరు గది వస్తేనే లాఫ్ట్‌కు పూర్తి విలువ.

*3.3 పక్క వైపు, గ్యారేజీ*

పక్కకు ఒక అంతస్తు వేయాలంటే వెడల్పు అసలు ఇంటి వెడల్పులో సగానికి మించరాదు, ఎత్తు 4 మీటర్లు దాటరాదు. వెనుక గదిని, పక్క గదిని కలిపి మూల తిప్పితే సాధారణంగా పూర్తి ప్లానింగ్ దరఖాస్తు కావాలి. పక్క వైపు రెండు అంతస్తులకైతే దరఖాస్తు తప్పదు. వరుస ఇళ్లన్నీ అతుక్కుపోయినట్టు కనిపించకుండా సరిహద్దు నుంచి ఒక మీటరు వదలమని, ముందు గోడను, కొప్పును పాత ఇంటికంటే కొంచెం తగ్గించమని చాలా కౌన్సిళ్లు అడుగుతాయి.

పాత గ్యారేజీ మీద అంతస్తు లేపవచ్చని అనుకునే ముందు దాని పునాది పక్కన ఒక గొయ్యి తవ్వించి చూడండి. ఒంటి ఇటుక గోడ, నామమాత్రపు పునాది ఉన్న గ్యారేజీలు చాలా ఉన్నాయి. వాటిని కూల్చి కట్టడమే నిజమైన ఖర్చు.

*3.4 తోటలో గది*

సరిహద్దుకు 2 మీటర్ల లోపు కట్టే తోట గది ఎత్తు 2.5 మీటర్లు మించరాదు. ఆఫీసు గదిగా, పిల్లల ఆటగదిగా బాగుంటుంది. విద్యార్థులకు అద్దెకిచ్చే ఇల్లుగా మార్చడానికి ఈ వెసులుబాటు వర్తించదు.

*3.5 కిందా పైనా కలిపి ఆలోచించండి*

రెండంతస్తుల ఇంటికి లాఫ్ట్ గది చేరితే మూడో అంతస్తు నుంచి వీధి తలుపు దాకా మెట్ల దారి మంట చొరబడకుండా మూసి ఉండాలి, గదులకు అగ్నినిరోధక తలుపులు ఉండాలి. మీరు ఈ ఏడాది కింద గోడలన్నీ తీసేసి, మెట్లు నేరుగా హాలులో దిగేలా చేశారనుకోండి. రెండేళ్ల తరువాత లాఫ్ట్ కట్టబోతే ఆ గోడలు తిరిగి కట్టాలి, లేదా స్ప్రింక్లర్ల వంటి ఏర్పాట్లకు డబ్బు పోయాలి. లాఫ్ట్ ఎప్పటికైనా కట్టే ఉద్దేశం ఉంటే ఆ సంగతి కింది అంతస్తు ప్లాను గీసేవారికి మొదటిరోజే చెప్పండి. కొత్త షవరు, కొత్త గదులు వస్తాయి కనుక బాయిలరు, నీటి ఒత్తిడి, కరెంటు బోర్డు చాలుతాయో లేదో కూడా అప్పుడే చూపించండి.

4. అనుమతి: మూడు దారులు

మొదటిది, పని పర్మిటెడ్ డెవలప్‌మెంట్‌లో ఇమిడితే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ (పని చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే పత్రం) తీసుకోవడం. చట్టప్రకారం ఇది తప్పనిసరి కాదు. అయినా తీసుకోండి. రేపు కొనేవారి సాలిసిటరు అనుమతి ఏదని అడిగినప్పుడు చూపించగలిగేది ఈ కాగితమే. దీని రుసుము పూర్తి దరఖాస్తు రుసుములో సగం.

రెండవది, 3 నుంచి 6 మీటర్ల వెనుక గదికి ప్రయర్ అప్రూవల్.

మూడవది, హౌస్‌హోల్డర్ ప్లానింగ్ దరఖాస్తు. 2025 ఏప్రిల్‌లో దీని రుసుమును 528 పౌండ్లకు పెంచారు. ఈ రుసుములు ఏటా ఏప్రిల్‌లో సవరిస్తారు కాబట్టి కట్టేముందు సరిచూసుకోండి. నిర్ణయానికి 8 వారాల గడువు. అనుమతి వచ్చాక సాధారణంగా 3 ఏళ్లలోగా పని మొదలుపెట్టాలి. దరఖాస్తుకు 1:1250 స్థల పటం, 1:500 బ్లాక్ ప్లాను, ఇప్పటి రూపం, రాబోయే రూపం చూపించే డ్రాయింగులు కావాలి.

దరఖాస్తుకు ముందు వీధిలో ఇప్పటికే ఆమోదం పొందిన ఇళ్ల డ్రాయింగులను, తిరస్కరణ పొందినవాటి కారణాలను కౌన్సిల్ వెబ్‌సైటులో చదవండి. తిరస్కరణ లేఖలు చదివితే మీ కౌన్సిల్ మనసు బాగా అర్థమవుతుంది. పైఅంతస్తు విషయంలో పక్కింటి కిటికీ మధ్య నుంచి 45 డిగ్రీల గీత గీసి, మీ గోడ ఆ గీతను దాటుతుందా అని చాలా కౌన్సిళ్లు చూస్తాయి. మీ డిజైనరు చేత ఆ గీతను డ్రాయింగులోనే గీయించండి.

5. పక్కింటివారు, ఉమ్మడి గోడ

ప్లానింగ్ అనుమతికీ పార్టీ వాల్ చట్టానికీ సంబంధం లేదు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది తీరదు. 1996 నాటి ఈ చట్టం ప్రకారం సెమీలో దాదాపు ప్రతి పనికీ నోటీసు అవసరమవుతుంది.

☐ లాఫ్ట్ స్టీల్ బీమును ఉమ్మడి గోడలో దింపడం, ఉమ్మడి గోడకు ఆనుకున్న చిమ్నీ భాగాన్ని తీసివేయడం: పనికి 2 నెలల ముందు నోటీసు.

☐ సరిహద్దు గీతపై కొత్త గోడ: 1 నెల ముందు.

☐ పక్కింటికి 3 మీటర్ల లోపు, వారి పునాది కంటే లోతుగా తవ్వకం: 1 నెల ముందు. వెనుక గది పునాదికి ఇది దాదాపు ఎప్పుడూ వర్తిస్తుంది.

పునాది తవ్వకానికీ ఉమ్మడి గోడ పనికీ ఇచ్చిన నోటీసులకు పక్కింటివారు 14 రోజుల్లో రాతపూర్వకంగా సమ్మతించకపోతే వివాదం ఉన్నట్టే లెక్క. అప్పుడు ఇద్దరికీ కలిపి ఒక సర్వేయరు, లేదా చెరొక సర్వేయరు వచ్చి అవార్డు (పని ఎలా జరగాలో చెప్పే నిర్ణయపత్రం) రాస్తారు. ఖర్చు సాధారణంగా పని చేయించేవారిదే. ఇద్దరు సర్వేయర్లయితే ఆ ఖర్చు వేలల్లోకి వెళుతుంది.

కాబట్టి నోటీసు పంపే ముందు మనిషే వెళ్లాలి. డ్రాయింగు పట్టుకుని తలుపు తట్టండి. ఎన్ని వారాల పని, ఏ వేళల్లో శబ్దం, స్కాఫోల్డింగ్ ఎక్కడ, దుమ్ము పడితే ఎవరు కడిగిస్తారు అన్నవి మీరే చెప్పండి. మిస్టర్, మిసెస్ అని మర్యాదగా మొదలుపెట్టి, వారు మొదటి పేరుతో పిలవమన్నాకే అలా పిలవడం పెద్దవారి విషయంలో మంచి పద్ధతి. తపాలాలో చట్టభాష నిండిన లేఖ మొదటగా చేరితే ఎవరికైనా ముందు వచ్చేది కోపమే.

వారు సమ్మతించినా వారి గదుల గోడలు, సీలింగులు, పాత పగుళ్లతో సహా తేదీ వేసి ఫొటోలు తీసి ఇద్దరూ సంతకాలు చేయండి. ముందే ఉన్న పగులు మీ ఖాతాలో పడకుండా కాపాడేది అదే. పక్కిల్లు అద్దెకిచ్చినదైతే నోటీసు యజమానికి వెళ్లాలి; యజమాని పేరు ల్యాండ్ రిజిస్ట్రీలో దొరుకుతుంది.

డ్రాయింగులో ఒక చిన్న చోటును ప్రత్యేకంగా చూడండి: వెనుక గది చూరు, నీటి గొట్టం సరిహద్దు గీతను దాటి పక్కింటి గాలిలోకి వస్తున్నాయా? గోడను సరిగ్గా గీతపై గీసి, దాని పైన 15 సెంటీమీటర్ల గట్టరును బయటికి వేలాడదీసిన డ్రాయింగులు తక్కువేమీ కాదు. గోడనైనా లోపలికి జరపండి, లేదా పారాపెట్ గోడ లేపి గట్టరును లోపల దాచండి.

6. మురుగు గొట్టం, పునాది

సెమీల వెనుక, గోడ నుంచి ఒకటి రెండు మీటర్ల దూరంలో, రెండిళ్ల మురుగునూ కలిపి తీసుకుపోయే గొట్టం చాలాచోట్ల ఉంటుంది. సరిగ్గా మీరు గది వేయాలనుకున్న చోటే. 2011 అక్టోబరు 1 నుంచి ఇలాంటి ఉమ్మడి గొట్టాలు నీటి కంపెనీల అధీనంలోకి వెళ్లాయి. దానిపైన, లేదా దానికి 3 మీటర్ల లోపు కట్టాలంటే నీటి కంపెనీ అంగీకారం, అంటే బిల్డ్ ఓవర్ అగ్రిమెంటు, కావాలి.

వెనుక పెరట్లో మ్యాన్‌హోలు మూత ఉంటే తీసి చూడండి. పక్కింట్లో టాయిలెట్ ఫ్లష్ చేయమని అడిగి నీళ్లు అందులోంచి పోతే అది ఉమ్మడి గొట్టమే. పటాల్లో లేని గొట్టాలు కూడా ఉంటాయి కనుక కెమెరా సర్వే చేయించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు. మ్యాన్‌హోలు కొత్త గదిలోపలికి వస్తే దానిని బయటికి మార్చమనే అవకాశమే ఎక్కువ.

పునాది లోతు సాధారణంగా కనీసం ఒక మీటరు. లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేలలో, దగ్గరలో పెద్ద చెట్టు ఉంటే, రెండు మీటర్లు దాటవచ్చు. కొటేషనులో బిల్డరు ఎంత లోతుకు ధర చెప్పారో, అంతకు మించితే ప్రతి ఘనపు మీటరుకు ఎంతో రాయించుకోండి. బడ్జెట్లు మొదటి వారంలోనే దెబ్బతినేది ఇక్కడే.

7. బిల్డింగ్ కంట్రోల్

ప్లానింగ్ అక్కరలేని పనికి కూడా బిల్డింగ్ రెగ్యులేషన్స్ (కట్టడం భద్రత, నాణ్యత నియమాలు) ఆమోదం కావాలి; దీన్ని చూసేదే బిల్డింగ్ కంట్రోల్. బిల్డింగ్ నోటీస్ అనే తేలికదారి ఉన్నా, ఎక్స్‌టెన్షన్‌కు, లాఫ్ట్‌కు ఫుల్ ప్లాన్స్ పద్ధతినే ఎంచుకోండి. లెక్కలన్నీ ముందే ఆమోదం పొందుతాయి, బిల్డరు దేనికి ధర చెబుతున్నారో స్పష్టంగా ఉంటుంది.

ఇప్పటి ప్రమాణాల ప్రకారం కొత్త గోడ, నేల యు వాల్యూ (ఎంత వేడి బయటికి పోతుందో చెప్పే అంకె) 0.18, కప్పుది 0.15 మించకూడదు. వెనుక గదిలో అద్దాల వైశాల్యం సాధారణంగా ఆ గది నేలలో 25 శాతానికి, దానికి తోడు కొత్త గది వల్ల మూతపడిన పాత కిటికీలు, తలుపుల వైశాల్యానికి మించితే, ఆ నష్టాన్ని వేరేచోట పూడ్చినట్టు లెక్క చూపించాలి. గోడంతా అద్దం కావాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

8. బిల్డరు, ఒప్పందం, చెల్లింపులు

ఒకే డ్రాయింగుల సెట్టుతో మూడు కొటేషన్లు తీసుకోండి. డ్రాయింగులు లేకుండా ఇల్లు చూసి చెప్పిన ధరలను పోల్చడం వృథా. వ్యాట్ కలిసిందా లేదా అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. వారు ఏడాది క్రితం ముగించిన ఇల్లొకటి చూడండి. నిన్న ముగించినది ఎప్పుడూ బాగానే ఉంటుంది.

మనవారికి తెలిసిన బిల్డరని, వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని నోటిమాట మీద పని అప్పజెప్పడం మన కుటుంబాల్లో ఎక్కువ. పరిచయం ఉన్నా జేసీటీ (నిర్మాణ ఒప్పందాల నమూనాలు తయారుచేసే సంస్థ) ప్రచురించిన ఇంటి యజమానుల ఒప్పందం వంటిది రాసుకోండి.

☐ ఏమేమి కలిసి ఉన్నాయి, ఏవి మీరు కొనాలి

☐ మొదలు, ముగింపు తేదీలు

☐ దశలవారీ చెల్లింపులు: ముగిసిన పనికే డబ్బు

☐ చివరికి 5 శాతం ఆపి ఉంచడం: సగం పని ముగిశాక, సగం లోపాలు సరిచేశాక

☐ మార్పులన్నీ ధరతో సహా రాతలో

☐ బిల్డరు బీమా పత్రం నకలు

9. పని సాగే క్రమం

తవ్వకం, పునాది, డ్రైనేజీ, తేమను అడ్డుకునే పొర దాకా గోడ, నేల, గోడలు, కప్పు, కిటికీలు అన్నీ అయ్యాకే పాత వెనుక గోడను పగలగొట్టి స్టీలు ఎక్కించాలి. గోడ ముందే పగలగొడితే వానలో, చలిలో మీరు ప్లాస్టిక్ షీటు వెనుక వంట చేసుకోవాలి. పునాది, డ్రైనేజీ, స్టీలు, ఇన్సులేషన్ మూసివేయక ముందు బిల్డింగ్ కంట్రోల్ ఇన్‌స్పెక్టరు చూడాలి. ప్రతి దశనూ మీరూ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

*పాత కన్జర్వేటరీ చివర నుంచి 3 మీటర్లు కొలవడం.* కొలత అసలు గోడ నుంచి. కట్టేశాక తెలిస్తే వెంటనే పూర్తి ప్లానింగ్ దరఖాస్తు పెట్టండి. కట్టిన తరువాతైనా తీసుకుంటారు, కానీ ఆమోదానికి హామీ లేదు.

*నోటీసు ఇవ్వకుండా తవ్వడం.* పక్కింటివారు కోర్టు నుంచి పని ఆపించవచ్చు. అక్కడికక్కడే ఆపి, మాట్లాడి, సర్వేయరును పెట్టండి.

*బిల్డింగ్ కంట్రోల్ లేకుండా కట్టిన పాత లాఫ్ట్.* ఇల్లు కొన్నాక బయటపడితే కౌన్సిల్‌కు రెగ్యులరైజేషన్ (కట్టేసిన పనికి తరువాత ఆమోదం కోరే) దరఖాస్తు పెట్టవచ్చు. 1985 నవంబరు 11 తరువాత చేసిన పనులకు ఈ వీలుంది. చూడటానికి కొన్నిచోట్ల ప్లాస్టరు తీయిస్తారు. ఆ ఆమోదం లేనంతకాలం లాఫ్ట్‌ను పడకగదిగా అమ్మకపు ప్రకటనలో చూపడం కష్టం.

*కంప్లీషన్ సర్టిఫికెట్ (పని నియమాల ప్రకారం ముగిసిందని బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చే పత్రం) అడగకుండా చివరి చెల్లింపు.* డబ్బు అందిన బిల్డరు చివరి తనిఖీకి రావడం అరుదు. సర్టిఫికెట్ చేతికి వచ్చాకే చివరి వాయిదా.

11. ఒకే ఫైలులో ఉండవలసినవి

☐ ప్లానింగ్ అనుమతి, లేదా లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్, ఆమోదించిన డ్రాయింగులతో

☐ బిల్డింగ్ కంట్రోల్ కంప్లీషన్ సర్టిఫికెట్

☐ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలు

☐ పార్టీ వాల్ సమ్మతి పత్రం లేదా అవార్డు, ఫొటోలు

☐ బిల్డ్ ఓవర్ అగ్రిమెంటు

☐ కరెంటు, గ్యాస్, కిటికీల సర్టిఫికెట్లు, కప్పు గ్యారంటీ

☐ కొత్త వైశాల్యంతో కొత్త ఈపీసీ

కౌన్సిల్ టాక్స్ బ్యాండు (ఇంటిపన్ను శ్రేణి) గురించి ఒక మాట. ఇల్లు పెంచినందువల్ల మీరు అందులో ఉన్నంతకాలం బ్యాండు పెరగదు. అమ్మినప్పుడు కొత్త యజమానికి మారవచ్చు. పెంచిన భాగాన్ని తలుపు, వంటగది, స్నానాలగదితో విడిగా ఉండేలా చేస్తే మాత్రం దానికి వేరే బ్యాండు వేసే వీలుంది. ఇంటి బీమాలో తిరిగి కట్టే ఖర్చును, గదుల సంఖ్యను పని ముగిసిన వారంలోనే మార్పించండి.